తుమ్మెద కోసం ఊళ వేసిన నక్క

గోదారి రెండు పాయలుగా చీలి మళ్ళీ కలిసేచోట ఓ లంక ఉంది. ఇటు చిన్నపాయ, అటు పెద్దపాయ. చిన్నపాయ అవతల ఏటిగట్టు, గట్టు మీద ఊరు. ఆసాములు ఊళ్ళో ఉంటారు, వాళ్ళ పశువులు లంకలో ఉంటాయి. పొద్దున పడవ వేసుకొచ్చి పాలు పిండుకుపోతారు, సాయంత్రం మళ్ళీ వస్తారు. ఆ మధ్యలో లంకంతా నోరున్న జంతువులదే.

ఆ లంకలో బొల్లి అని ఒక గేదె ఉండేది. నుదుట తెల్లమచ్చ ఉందని ఆ పేరు. మాట తక్కువ, నడక నిదానం. దానికి ఒక అలవాటు పట్టుకుంది. మేస్తూ మేస్తూ ఉన్నట్టుండి తలెత్తేది. దిగువకేసి చెవులు నిక్కించి అలా నిలబడిపోయేది. నోట్లో గడ్డి నోట్లోనే ఉండిపోయేది.

"ఏంటొదినా, ఎవరన్నా పిలిచారా?" అనేది పక్కన మేస్తున్న ముసలి మేక పోలమ్మ.

"లేదొదినా. గాలి."

"గాలికి అంత చెవులెందుకమ్మా?" అనేసి, అంతలోనే పోలమ్మ నాలిక కరుచుకునేది. ఆ చెవులు ఎవరికోసమో లంకలో తెలియనిది ఎవరికి?

కిందటేడు వరదొచ్చినప్పుడు ఎవరి కాళ్ళు ఎటు తీసుకుపోతే అటు పరుగెత్తారు. బొల్లి చిన్నపాయలో పడి గట్టుకేసి ఈదింది. దాని పెయ్య వెనకే ఉంది. పేరు తుమ్మెద. ఒళ్ళంతా నల్లగా నిగనిగలాడుతూ, ఎప్పుడూ తల్లి చుట్టూ తిరుగుతూ ఉండేదని ఆ పేరు. నడిచేటప్పుడు మూతి తీసుకొచ్చి తల్లి వెనకకాలికి ఆనించేది. అదిగో, ఆ మూతి తగులుతూనే ఉందనుకుంది బొల్లి. గట్టెక్కి తిరిగి చూస్తే నీళ్ళు తప్ప ఏమీ లేవు. పిల్ల ఎక్కడ తప్పిందో చూసినవాళ్ళు లేరు. అప్పటినుంచీ పాలు పిండే పాలికాపు ఎంత దాణా పెట్టినా, ఎంత నిమిరినా బొల్లి సరిగ్గా పాలు చేపడమే మానేసింది.

బొల్లి వీపు మీద రోజూ ఒక కొంగ వాలేది. జోరీగల్ని ఏరుకుని తినేది, అలా ఎగిరి నాలుగు లంకలూ చుట్టి వచ్చేది. బొల్లి దాన్ని ఎన్నో అడిగేది. ఎగువన వాన పడిందా, గట్టు మీద చెరుకు నాటారా, అవతలి రేవులో ఎవరి పడవ బోల్తా పడిందట అని. దిగువ లంకలో ఏముందని మాత్రం ఏనాడూ అడగలేదు. కొంగా ఆ ఊసు ఎత్తలేదు.

ఇలా ఉండగా తొలకరి మబ్బులు కనిపించాయి. డేగ రంగు కోడిపుంజు సభ పిలిచాడు. వరద సంఘం అని పేరు పెట్టాడు. సంఘానికి పెద్ద ఎవరంటే తనే. ఎవరు ఎన్నుకున్నారంటే ఎవరూ లేరు. పాక మీద ఎత్తుగా కూర్చునేది తనే కాబట్టి పెద్దరికం తనదే అనుకున్నాడు. మిగతావాళ్ళకీ ఆ బరువు ఎత్తుకునే ఓపిక లేక ఊరుకున్నారు.

"ఏమంటే," అని గొంతు సవరించుకున్నాడు పుంజు, "కిందటేడు ఎవరికి వాళ్ళే యమునా తీరే అన్నట్టు పరుగెత్తాం. ఈసారి అలా కుదరదు. నీరొస్తోందని చెప్పేదెవరు, ఎటు పోవాలి, ఎవరు ముందు, ఎవరు వెనక, అన్నీ ఇప్పుడే అనుకోవాలి. చెప్పే పని నాది. నీరు రాగానే కూస్తా."

"నువ్వు రోజూ కూస్తావు కదయ్యా," అంది పోలమ్మ. "ఏ కూత తెల్లారడానికో, ఏ కూత మునగడానికో మాకెలా తెలిసేది?"

పెట్టలు కిసుక్కుమన్నాయి. పుంజు తురాయి ఇంకాస్త ఎర్రబడింది.

"నేను మొరుగుతా," అన్నాడు కర్రి కుక్క.

"నువ్వా నాయనా?" అంది పోలమ్మ. "ఆకు రాలినా మొరుగుతావు. మొన్న నీ తోకని చూసి నువ్వే మొరిగావు."

"పామనుకున్నానత్తా."

"పోనీ మేకలు అరుస్తారా?" అని ఒక గొర్రె అడిగింది.

"వాళ్ళు అరిస్తే ఆకలేసిందనుకుంటాం," అన్నాడు పుంజు కసి తీర్చుకుంటూ.

అంతలో రెల్లు కదిలింది. "ఈ పేదవాణ్ణి ఒక మాట చెప్పనిస్తారా?" అంటూ నక్క బయటికొచ్చాడు.

కర్రి వీపున వెంట్రుకలు లేచాయి. పుంజు ఇంకో మెట్టు పైకెగిరాడు. నక్క మాత్రం దూరంగా, ముందుకాళ్ళు రెండూ దగ్గరికి పెట్టుకుని పెళ్ళిచూపులకొచ్చిన పిల్లాడిలా కూర్చున్నాడు.

"ఆగు కర్రీ, నేనేం కాటేయడానికి రాలేదు. వరదకి మీరొకటీ నేనొకటీనా? నీళ్ళ ముందు నక్కా మేకా అందరం ఒకటే. నాకొక్కటి చెప్పండి. నేను ఊళ వేస్తే ఎంత నిద్రలో ఉన్నా లేస్తారా, లేవరా?"

"లేస్తాం," అన్నాయి గొర్రెలు.

"వాడి ఊళ వింటే నాకు కల్లోనే కాళ్ళు పరుగెడతాయి," అంది ఒక కుంటిగొర్రె.

"మరింకేం? వరదొచ్చినప్పుడు నేను ఊళ వేస్తాను. మిగతా రోజుల్లో నోరు విప్పను. ఒట్టు."

"బాగుందిరా నాయనా," అంది పోలమ్మ. "భయపెట్టేవాణ్ణే కాపలా పెట్టుకుంటారా?"

"భయపెట్టేవాడైతేనే కదత్తా లేచి పరుగెత్తేది! నీకు తర్కం తెలీదు," అన్నాడు పుంజు. పెద్దరికం తనకి మిగిలితే చాలు, గొంతు ఎవరిదైతే ఏం?

అది తేలిపోయింది. ఇంక ఎటు పోవాలన్నది మిగిలింది.

"ఇందులో అనుకోవడానికేముంది?" అంది పోలమ్మ. "మా అమ్మ, మా అమ్మమ్మ, నీరు ఎర్రబడిందంటే కదిలేవాళ్ళు. చిన్నపాయ మోకాలిలోతు ఉండగానే దాటి గట్టెక్కేవాళ్ళు. ముంచినా ముంచకపోయినా కదిలేవాళ్ళే. కీడెంచి మేలెంచమన్నారు."

"గట్టు మీద గడ్డేదీ?" అన్నాయి గొర్రెలు. "ఎర్రనీరు ఏడాదికి ఎన్నిసార్లు రాదు? వచ్చినప్పుడల్లా పచ్చిక వదిలేసి పోతామా?"

"అదే నేనూ అంటున్నా," అన్నాడు నక్క మెత్తగా. "అంత దూరం దేనికి? పెద్దపాయ వైపు కొసన రెల్లుదిబ్బ లేదూ? నాలుగడుగులు వేస్తే దిబ్బ. కాళ్ళకి నీళ్ళు తగిలాక కదిలినా చాలు. నీరు తీసేదాకా హాయిగా కూర్చోవచ్చు. ఆ దిబ్బ ఎప్పుడైనా మునిగిందా? చెప్పండి."

నిజమే, ఎప్పుడూ మునగలేదు. నక్క చెప్పే అబద్ధాల్లో నిజాలే ఎక్కువ ఉంటాయి.

"ఆ దిబ్బ మీద నక్కల వాసనొస్తుంది," అన్నాడు కర్రి.

"రాక? నా కాపురం అక్కడే కదరా. నీ పాక దగ్గర నీ వాసన రాదూ?"

అటూ ఇటూ మాటలు పెరిగాయి. చివరికి పుంజు రెక్కలు టపటపలాడించి, "నీళ్ళలో ముందు నడవాల్సింది బొల్లి. అది ఎటంటే అటు," అన్నాడు. అందరూ బొల్లికేసి తిరిగారు. బొల్లి దిగువకేసి చెవులు పెట్టి ఉంది.

"రేపు చెబుతా," అంది.

ఆ మధ్యాహ్నం బొల్లి బురదగుంటలో మెడ దాకా మునిగి కళ్ళు మూసుకుంది. ఒడ్డున ఎవరో నిట్టూర్చారు. చూస్తే నక్క.

"చెల్లెమ్మా, నీకో మాట చెప్పాలా వద్దా అని నిన్నటినుంచీ నా ప్రాణం కొట్టుకుంటోంది."

"చెప్పన్నా."

"వద్దులే. చెప్పి నీ మనసు కలచడం దేనికి?"

"చెప్పు."

"దిబ్బ కొసన నిలబడితే దిగువ లంక కనిపిస్తుంది. అక్కడ ఒక దూడ తిరుగుతుంటుంది. వెంట తల్లి లేదు. నల్లది."

బొల్లి బురదలోంచి లేచి నిలబడింది. "నుదుట మచ్చ ఉందా?"

నక్క బొల్లి నుదురు చూశాడు. "ఉన్నట్టే ఉంది. దూరం కదా."

తుమ్మెదకి మచ్చ లేదు. ఒళ్ళంతా నలుపే. ఆ సంగతి కన్నతల్లికి తెలియదా? తెలుసు. అయినా ఏడాదైంది కదా, పెరిగే పిల్ల, మచ్చ వచ్చిందేమో అనుకుంది. ఆశ పడ్డ గుండెకి ఒక మచ్చ మొలిపించడం ఎంతసేపు?

"పిలిస్తే వస్తుందా?"

"ఇప్పుడు రాదు. మెట్టన ఎక్కడో రెల్లులో పడుంటుంది. నీరు పెరిగిందనుకో, ఎత్తుకోసం ఇటు ఒడ్డుకే వస్తుంది. అప్పుడు నువ్వు దిబ్బ మీద ఉండి ఒక్క కేక వేశావంటే ఈదుకుంటూ వచ్చేయదూ? గేదె పిల్లకి ఈత ఎవరు నేర్పాలి?"

కొంగ బొల్లి తల మీదనుంచి లేచి, ఏమీ అనకుండా ఎగిరిపోయింది.

మర్నాడు సభలో బొల్లి ఒకటే మాట అంది. "దిబ్బకే."

"ఎందుకొదినా?" అంది పోలమ్మ. బొల్లి అప్పటికే దిబ్బ వైపు నడుస్తోంది.

ఆ రోజునుంచి అభ్యాసాలు మొదలయ్యాయి. నక్క ఊళ వేస్తాడు, అందరూ దిబ్బకి పరుగెత్తుతారు. ఊళ వినగానే కర్రి మాత్రం దిబ్బ వైపు కాక నక్క వైపు పరుగెత్తేవాడు. "ఏం చెయ్యనత్తా, నా కాళ్ళకి పాత అలవాటు," అని తల దించుకునేవాడు. పుంజు వాణ్ణి నలుగురిలో నిలబెట్టి చీవాట్లు పెట్టేవాడు. నక్క మాత్రం ఎవర్నీ ఏమీ అనేవాడు కాదు. ఎవరు ముందొస్తున్నారు, ఎవరు రొప్పుతున్నారు, ఎవరికి కాలు కుంటి, అన్నీ ఎంతో శ్రద్ధగా చూసుకునేవాడు.

"భేష్. పట్నంలో కూడా ఇంత పద్ధతి ఉండదు," అనేవాడు.

అందరూ దిగిపోయాక కూడా బొల్లి దిబ్బ కొసన నిలబడేది. దిగువ లంక ఎండలో కరుగుతున్న వెన్నముద్దలా మెరిసేది. ఇసుక మీద నల్లగా ఏదో కదిలినట్టుండేది. కాదు, మబ్బు నీడ. అదిగో మళ్ళీ. ఆ నీడలు చూసుకుంటూ ఎన్నాళ్ళకో బొల్లి ఇంత చేపింది. పాలికాపు సంతోషించి దానికి తవుడు ఎక్కువ పెట్టాడు. తవుడు తింటూ బొల్లికి మొదటిసారి వరద ఎప్పుడొస్తుందా అనిపించింది. అలా అనిపించినందుకు దానికి సిగ్గూ వేసింది.

ఆషాఢం పోకముందే గోదారి ఎర్రబడింది.

చీమలు గుడ్లు నోటకరుచుకుని పాక గోడ ఎక్కుతున్నాయి. పోలమ్మ తన పిల్లల్ని పోగుచేసుకుని, "కదలండి, చిన్నపాయ ఇంకా మోకాలిలోతే ఉంది," అంది.

"ఊళ రాలేదు కదా," అన్నాడు పుంజు.

"నీళ్ళు కనిపిస్తున్నాయి కదరా!"

"నీళ్ళు కనిపిస్తే కదలాలని మనం అనుకోలేదు. ఊళ వినిపిస్తే కదలాలని అనుకున్నాం. పద్ధతంటే పద్ధతే."

పోలమ్మ బొల్లి దగ్గరికొచ్చింది. "వదినా, నువ్వొక్క మాట అను. నువ్వు కదిలితే అందరూ కదులుతారు."

"చూద్దాం వదినా, ఇంకాసేపు," అంది బొల్లి. దాని చెవులు దిగువకేసే ఉన్నాయి.

ఇల్లు కాలుతుంటే బావి తవ్వేవాళ్ళు ఉంటారు. ఇక్కడ బావి తవ్వుకుని పెట్టుకున్నారు, నీళ్ళు తోడమని ఎవరైనా చెబుతారేమోనని ఎదురుచూస్తున్నారు.

మర్నాడు వాన కట్టలు తెంచుకుంది. పొద్దున రావాల్సిన పడవ రాలేదు. పట్టపగలే ముందున్నవాడి తోక వెనకున్నవాడికి కనిపించడంలేదు. నీరు పాకలోకి వచ్చి గొర్రెల గిట్టలు తడిపింది. అప్పుడు, సరిగ్గా అప్పుడు, నక్క ఊళ వేశాడు.

అందరూ లేచారు. నేర్చుకున్నది నేర్చుకున్నట్టే బొల్లి వెనక బారు కట్టి పరుగు తీశారు. పెట్టలు గేదెల వీపుల మీదకి ఎక్కాయి. పుంజు బొల్లి కొమ్ము పట్టుకుని వేలాడుతూ, "పద్ధతి ప్రకారం, పద్ధతి ప్రకారం!" అని అరుస్తున్నాడు. ఆత్రానికి బొల్లికి కాళ్ళ కింద నేల ఆనడంలేదు. దిబ్బ దగ్గరపడుతోంది. ఒక్క కేక వేస్తే చాలు. ఒక్క కేక.

అప్పుడు దాని వెనకకాలికి మెత్తగా ఏదో తగిలింది.

మూతి.

బొల్లి నిలబడిపోయింది. దాని వెనక బారంతా ఒకళ్ళకొకళ్ళు గుద్దుకుని ఆగారు. కిందటేడు ఆ మూతి తగులుతోందనుకుంటూనే పోయింది, తిరిగి చూడలేదు. ఇప్పుడు తిరిగి చూసింది. ఒక గొర్రెపిల్ల, ఇంకా కొమ్ములైనా మొలవనిది, వానకి కళ్ళు గట్టిగా మూసుకుని, బొల్లి కాలికి మూతి ఆనించుకుని నిలబడి ఉంది. బొల్లి ఎటు పోతే అటు పోతుంది. ఎందుకని అడగదు.

"కొంగా," అంది బొల్లి.

వీపు మీద తడిసి ముద్దైన కొంగ మెడ చాచింది. "ఆఁ అక్కా."

"దిగువ లంకలో దూడ ఉందా?"

కొంగ మెడ ముడుచుకుంది.

"ఉన్నదున్నట్టు చెప్పు."

"లేదక్కా. కిందటేడు నీరు తీయగానే వెతికాను. దిగువ లంకంతా రెల్లూ ఇసకే. ఆ కింది లంకలూ చూశాను. సముద్రం కలిసేదాకా పోయి చూసొచ్చాను."

"మరి చెప్పలేదేం?"

"నువ్వు అడగలేదు కదక్కా. అడగనన్నాళ్ళూ నీకు పిల్ల ఉన్నట్టే కదా అని ఊరుకున్నాను."

బొల్లి చెవులు వాల్చేసింది.

"దిబ్బ మీద ఏముంది?" అంది బొల్లి.

"నక్క చుట్టాలు. పెద్దపాయ ఈదుకుంటూ వచ్చి రెల్లులో పొంచి ఉన్నారు. ఇందాకే చూశాను. చెబుదామని వస్తే ఆగేవాళ్ళేరీ!"

"వాసనన్నానా, అనలేదా?" అన్నాడు కర్రి.

"కానీ సంఘంలో అనుకున్నది..." అని పుంజు మొదలుపెట్టాడు.

"అనుకున్నది నీ తురాయిలో దోపుకో," అంది పోలమ్మ. "వదినా, గట్టు ఎటు?"

అదే ఎవరికీ తెలియడంలేదు. ఎటు చూసినా తెల్లటి వానే. ఏ పాయ ఎటు హోరెత్తుతోందో పోల్చుకోలేకుండా ఉన్నారు. కర్రి ముక్కుకి వాన వాసన తప్ప ఏదీ అందలేదు. ఎండలో చేసిన అభ్యాసం, ఎండలో అన్నీ కనిపించాయి. ఒక్క అడుగు తప్పితే అందరూ పెద్దపాయ పాలు.

అంతలో నీళ్ళ చప్పుడైంది. దిబ్బ వైపునుంచి నక్క వచ్చాడు. "ఏంటిది, ఆగారేం? నీరు పెరిగిపోతోంది, రండి రండి!" అని, బొల్లి చెవి దగ్గరికి చేరి గుసగుసలాడాడు. "చెల్లెమ్మా, నీ కడుపు చల్లగా. తుమ్మెద ఒడ్డుకొచ్చేసింది. ఇప్పుడే దాని అరుపు విన్నాను."

బొల్లి కళ్ళు మూసుకుంది. ఆ మాట కోసం ఏడాదిగా చెవులు పెట్టుకుని ఉంది. అబద్ధమని తెలిశాక కూడా అది ఎంత తియ్యగా ఉందో.

"అలాగా అన్నా?" అంది. గొంతు వణికింది. సంతోషమనుకున్నాడు నక్క. "అయితే నాకొక సాయం చెయ్యి. దానికి నీళ్ళంటే భయం. ఎవరూ పిలవకపోతే వెనక్కి పోతుంది. నువ్వెళ్ళి దిబ్బ కొసన ఊళ వేస్తూ ఉండు. నీ గొంతు వింటే అక్కడే నిలబడుతుంది. నేను వీళ్ళని తోలుకుని వస్తా. ముసలీ ముతకా ఉన్నారు, ఆలస్యమవుతుంది. ఎంత ఆలస్యమైనా నువ్వు మాత్రం ఆపకన్నా. నీకు దణ్ణం పెడతా. నా పిల్ల వెనక్కి పోతుంది."

నక్క లోలోపల లొట్టలేసుకున్నాడు. కూడు కాళ్ళతో నడిచొస్తానంటే కాదనేవాడెవడు? "అదెంత పని చెల్లెమ్మా! నా మేనకోడలు కాదూ?" అని గబగబా దిబ్బకి పోయాడు. కాసేపటికి వానలోంచి ఊళ మొదలైంది. పొడుగ్గా, ఆగకుండా.

"విన్నారా?" అంది బొల్లి వెనక్కి తిరిగి. "దిబ్బ పెద్దపాయ వైపు, గట్టు చిన్నపాయ వైపు. ఆ ఊళకి వీపు తిప్పి నడవండి. ఎప్పుడైనా అది ముందు వినిపించిందా, దారి తప్పినట్టు. వెనక వినిపించినంతసేపూ భయం లేదు."

"ఓరి వీడి ఊళ తగలెయ్య," అంది పోలమ్మ, "ఇన్నాళ్ళకి పనికొచ్చిందిరా!"

ఊళకి వీపు తిప్పి నడిచారు. చిన్నపాయ మోకాలిలోతు కాదు, బొల్లికి రొమ్ములోతు వచ్చేసింది. మిగతా గేదెలన్నీ ఎగువన అడ్డుగా నిలిచి ప్రవాహాన్ని కాచాయి. వాటి చాటున గొర్రెలూ మేకలూ దాటాయి. కర్రి అందరి వెనకా ఈదుతూ, వెనకబడ్డవాళ్ళ తోకలు కొరికి ముందుకి తోలాడు. గొర్రెపిల్ల బొల్లి మెడ మీద పడుకుంది. బొల్లి ప్రతి అడుగుకీ వెనక్కి తిరిగి "ఉన్నారా?" అనేది. "ఉన్నాం!" అనేవాళ్ళు. మళ్ళీ అడుగు, మళ్ళీ "ఉన్నారా?"

పాయ నడిమికి వచ్చాక ఊళ ఇంకా గట్టిగా వినిపించింది. నక్క గొంతు చించుకుంటున్నాడు. చుట్టాలు కూడా గొంతు కలిపినట్టున్నారు.

బొల్లి ఆగింది.

ఏడాదైంది. తుమ్మెదని పిలిచినవాళ్ళు లంకలో ఒక్కళ్ళు లేరు. తన ముందు ఆ పేరెత్తడానికే అందరికీ భయం. తనూ పిలవలేదు. పిలిస్తే పలక్కపోతుందేమోనని. ఇవాళ ఎవడో, అబద్ధానికైతేనేం, ఆకలికైతేనేం, ఇంత వానలో నిలబడి దాని కోసం అరుస్తున్నాడు. ఆ అరుపు నీళ్ళ మీద నుంచి దిగువకి, ఇంకా దిగువకి పోతోంది. ఒకవేళ...

మెడ మీద గొర్రెపిల్ల చలికి వణికింది.

"తుమ్మెదా," అంది బొల్లి. గట్టిగా కాదు. ఒక్కసారే. నీళ్ళు ఆ మాటని పట్టుకుపోయాయి. బొల్లి మళ్ళీ అడుగు వేసి, "ఉన్నారా?" అంది.

"ఉన్నాం వదినా," అంది పోలమ్మ.

అందరూ గట్టెక్కారు. పుంజు ఒక్కొక్కళ్ళనీ పేరుపెట్టి పిలిచాడు. అందరూ పలికారు. పలికినప్పుడల్లా బొల్లి తలాడించింది. తర్వాత గొర్రెపిల్లని దాని తల్లి దగ్గర దింపి, దూరంగా వెళ్ళి నీళ్ళకేసి నిలబడింది. పోలమ్మ వెళ్ళి పక్కన నిలబడింది. భుజం ఆనించింది.

"నల్లగా ఉండేదొదినా," అంది బొల్లి. "ఎక్కడా మచ్చ లేదు."

"అవునమ్మా. నిగనిగలాడేది," అంది పోలమ్మ.

అక్కడ దిబ్బ మీద నక్క ఇంకా ఊళ వేస్తూనే ఉన్నాడు.

"బావా, విందేదీ?" అన్నారు చుట్టాలు.

"వస్తోందర్రా. ముసలీ ముతకా ఉన్నారట."

"ఇందాకటినుంచీ అదే అంటున్నావు."

"ఆపితే దూడ వెనక్కి పోతుందిరా."

"ఏ దూడ?"

అది తను అల్లిన దూడేనని నక్కకి గుర్తొచ్చేసరికి ఆలస్యమైంది. వాన సన్నబడింది. చిన్నపాయ అవతల గట్టు మీద గొర్రెలు, మేకలు, గేదెలు, కొమ్ము మీద పుంజు, అందరూ వరసగా కనిపించారు.

"చూడు బావా," అన్నాడు చుట్టాల్లో పెద్దవాడు, "విందు గట్టెక్కింది. మనం దిబ్బెక్కాం. దూడని పిలిచే గొంతుతోనే ఇప్పుడు మా ఆకలిని కూడా పిలిచి జోకొట్టు."

చుట్టూ గోదారి. తినడానికి రెల్లు వేళ్ళు, ఎండ్రకాయలు. నీరు తీసేదాకా చుట్టాలు నక్కని తిడుతూనే ఉన్నారు. తిట్టి తిట్టి అలసిపోయినప్పుడు కరిచారు. బక్కచిక్కి దిబ్బ దిగేనాటికి నక్క గొంతు పూర్తిగా పోయింది. ఆ తర్వాత వాడు ఎంత నోరు తెరిచినా గాలి తప్ప ఊళ రాలేదని లంకలో చెప్పుకుంటారు.

ఆపద వేళ ఆశను వెంట రానివ్వాలి గాని, ముందు నడవనివ్వకూడదు.